పరీక్షకు ముందు నెల

సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ బిగించే దుకాణం నడుపుతున్న నేను, యాభై ఎనిమిదేళ్ల దాన్ని, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న మొదటిదీ చివరిదీ అయిన వీలునామా ఇది. నా మతి స్థిరంగానే ఉంది. ఎల్లుండి ఉదయం సన్నని గొట్టం పంపి నా గుండె రక్తనాళాలు ఎంత పూడుకుపోయాయో చూస్తారట. అందుకు భయపడుతున్నాను. భయపడినంత మాత్రాన మతి చలించినట్టు కాదని, ఇది రాసిపెడుతున్న ప్లీడరుగారు ఒప్పుకున్నారు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి మందుల దుకాణం ఆయనకు అప్పగిస్తున్నాను. మా అన్నయ్య ఎలా పోయాడో మాకు తెలియజెప్పింది ఆయనే.

అన్నయ్యను అందరూ ఫస్టుక్లాసు అనేవారు. రక్తపరీక్ష అంటే ఆయన లెక్కలో బడి పరీక్షే. ఏటా పరీక్షకు ముందు నెల మాత్రం నూనె ముట్టకుండా, డాక్టరు రాసిన మాత్ర రోజూ మింగేవాడు. చెడు కొలెస్ట్రాల్ బుద్ధిగా దిగివచ్చేది. ఆ కాగితం తెచ్చి దుకాణం గోడకు మేకు కొట్టి, "చూశారా, మళ్లీ ఫస్టుక్లాసే" అనేవాడు. ఆ సాయంత్రం నుంచి మాత్రలు అటకమీద, ఆయన మిఠాయి కొట్లో. ఆ అంకె మాత్ర చలవేనని, మిగతా ఏడాదంతా రక్తనాళాల గోడలకు ఏం పేరుకుంటోందో ఆ కాగితం చెప్పదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

యాభై రెండో ఏట, నోట్లో మేకులు పెట్టుకుని కుర్చీకి రెక్సిన్ బిగిస్తున్నవాడు అలాగే బల్లమీదికి ఒరిగిపోయాడు. సుత్తి చప్పుడు ఆగితే గుడ్డ సరిచూసుకుంటున్నాడనుకున్నాను. పలకరించడానికి వచ్చినప్పుడు మందుల దుకాణం ఆయన, "ఏడాదికి ఒక్క నెలకే కొనేవాడమ్మా. మిగతావి ఇంకెక్కడో తీసుకుంటున్నాడనుకున్నా" అని తల దించుకున్నాడు.

2. వదినకు ముందుగదిలోని ఎర్ర సోఫా. మాత్రలే తన మొగుణ్ణి మింగాయని ఆమె కనబడినవాళ్లందరికీ చెప్పింది. కాదని వాదించి వాదించి నా నోరే పడిపోయింది. ఆ సోఫాలో ఎడమపక్క స్ప్రింగు గుచ్చుకుంటుంది. బాగుచేయించకుండానే ఇవ్వాలి. ఆమెకు నడుంనొప్పి కాబట్టి కుడిపక్క కూర్చోమని చెప్పాలి.

3. అన్నయ్య కూతురికి, అంటే నా మేనకోడలికి, నా పెద్ద కత్తెర, వంపు సూదులు, నా పట్టు శాలువా. చిన్నప్పుడు ఆ శాలువా కిందే దూరి నిద్రపోయేది. మా ఇంట్లో ఈ జబ్బు తిండివల్లే కాదు, పుట్టుకతో కూడా వస్తోందని డాక్టరు అన్నాడు. తను సన్నగా ఉంది కదా అని అమ్మాయి ధీమాగా ఉండకూడదు. నేనూ పుల్లలాగే ఉంటాను. నా చెడు కొలెస్ట్రాల్ నూట తొంభై దాటింది.

4. దుకాణం, పనిముట్లు, పై గది సర్వహక్కులతో నా తమ్ముడికి.

వాడికి నలభై తొమ్మిది. వచ్చే నెల రక్తపరీక్ష ఉంది. నిన్న వాడి టిఫిను డబ్బా తెరిచి చూస్తే ఉప్పూ నూనే లేని ఉడికించిన కూరముక్కలు. మొదలుపెట్టాడన్నమాట. వాడి సుత్తి ఒక్క క్షణం ఆగితే నా చేతిలో సూది కిందపడుతుంది. "ఏంటక్కా, మేకులు అయిపోయాయి, అంతే" అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

ఏడాదిపాటు మాత్రలు మానకుండా వేసుకుని, రక్తపరీక్ష కాగితం చూపిస్తేనే దుకాణం ఇవ్వాలని మొదట షరతు రాయించాను. తర్వాత నేనే కొట్టేయించాను. షరతు పెడితే దానికీ ముందు నెల కష్టపడి పాసవుతాడు. వాడూ అన్నయ్య తమ్ముడే కదా. అందుకని ఏ షరతూ లేదు.

తమ్ముడూ, మాత్ర వేసుకో. మంచి అంకె వచ్చిన రోజు కూడా వేసుకో. మాత్ర పనిచేస్తోందని ఆ అంకెకు అర్థం, ఇక అక్కర్లేదని కాదు. నేను లేకపోతే నిన్ను కసురుకునేవాళ్లు ఎవరూ ఉండరు. నాకు చాలా భయంగా ఉందిరా.

5. ఆస్తి పొందవలసినవారు నాకంటే ముందే కాలం చేస్తే అది ఎవరికి చెందాలో కూడా రాయాలట. వదిన వాటా మేనకోడలికి, మేనకోడలి వాటా వదినకు అని ఇట్టే చెప్పేశాను. తమ్ముడి దగ్గర ప్లీడరుగారు రెండుసార్లు అడిగారు. "రాయకపోతే తర్వాత చిక్కులొస్తాయమ్మా" అన్నారు. రానివ్వండి. అన్నయ్య పోయాడు, ఆ తర్వాత వంతు నాది. తమ్ముడి పేరు ఎదుట ఆ చోటు ఖాళీగానే ఉంచమన్నాను.

తేదీ: ఫిబ్రవరి పదకొండు, బుధవారం.

సంతకం: వంకరగా వచ్చింది, అయినా నాదే.

సాక్షులు: ఎదురు దుకాణం గడియారాల మెకానిక్కు, పై వాటాలో ఉండే లెక్కల టీచరు.