చూరు నీళ్లు

గుడివాడ, 12-6-2003

అమ్మా ఇందిరా,

మీ బావగారి ఆశీస్సులు. తమ్ముడు నా ఉత్తరం విప్పడని నీకు రాస్తున్నాను. బందరులో నా వాటా పెంకుటిల్లు తీసి డాబా వేయించాను కదా. కప్పు మీద పడిన వాన మన ఆవరణ దాటకూడదని, ఇంకుడు గుంత తవ్వితేనే ప్లానుకు అనుమతని మునిసిపాలిటీ రూలు. గొట్టాలు పెట్టించి నీళ్లన్నీ గుంతలోకి మళ్లించాను. ఇక నా చూరు నీళ్లు మీ పెరట్లో పడవు. పంపకాల నాటినుంచి యుగంధర్ పెద్దమనుషుల్లో పెడుతున్న పేచీ అదొక్కటేగా. వాడి పంతమే నెగ్గిందని చెప్పు. ఇప్పుడైనా నాతో మాట్లాడమను. వాడు తప్ప నాకు తోడబుట్టినవాళ్లెవరున్నారు?

గోవర్ధనరావు

బందరు, 3-7-2003

బావగారికి నమస్కారాలు.

ఏమీ అనుకోనంటే ఒక మాటండీ. పేచీ పెట్టింది నిజమే. పెడుతూనే ఆ చూరు కింద గంగాళం పెట్టించిందీ మీ తమ్ముడే. మా బోరు నీళ్లు ఉప్పన. తొలి వాన వదిలేసి, తర్వాతి నీళ్లు గుడ్డ కట్టి పట్టుకుని తాగేవాళ్లం. ఇప్పుడు ఆయన కిడ్నీ దెబ్బతింది. ఉప్పు నీళ్లు ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. వీధి కుళాయి రాని రోజున ఆయన ఆ బోరు నీళ్లే తాగుతున్నారు. మీకు రాస్తానంటే, "అన్నయ్యని అడిగావంటే ఊరుకోను" అన్నారు. నాకు భయంగా ఉందండీ.

మీ మరదలు
ఇందిర

గుడివాడ, 20-7-2003

అమ్మా ఇందిరా,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ఎంత పని చేశానమ్మా. మొన్న బందరు వచ్చి మునిసిపాలిటీలో అడిగాను. నీళ్లు ముందు తొట్టిలో నింపుకుని, పొర్లినవి గుంతలోకి వదిలినా సరిపోతుందన్నారు. మేస్త్రీ పెద్దిరాజుకి పని అప్పగించాను. మూత ఉన్న తొట్టి కట్టి, గోడకు కన్నం పెట్టి, కుళాయి మీ వైపుకే పెడతాడు. మీ గుమ్మం ఎక్కడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు. నేను పెట్టించానని వాడితో అనకు, రూలని చెప్పు. వాడు తాగితే నాకదే చాలు.

గోవర్ధనరావు

బందరు, 14-8-2003

బావగారూ,

తొట్టి నిండింది. కుళాయి మాత్రం ఆయన తిప్పనివ్వడం లేదు. రూలని చెప్తే నవ్వారు. "గోడ అవతలి కుళాయి మన పెరట్లో పెట్టమనే రూలు ఎక్కడుందే? బందరు దాకా వచ్చి నా గుమ్మం తొక్కకుండా వెళ్లాడట, పెద్దిరాజు చెప్పాడు. కన్నంలోంచి నీళ్లు పంపిస్తే పట్టుకోవడానికి నేనేమన్నా పరాయివాణ్ణా?" అన్నారు. తర్వాత ఏడ్చారు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదండీ.

మళ్లీ బోరు నీళ్లే తాగుతున్నారు. కాళ్లు వాచాయి. మీరొచ్చి మీ చేత్తో గ్లాసు ఇస్తేనే ఆ నీళ్లు తాగుతారట. ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా గుడివాడ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. అదే బస్సు వెనక్కి వచ్చేటప్పుడు ఎక్కి రండి.

ఇందిర