మూసేసిన గోడౌను అరుగు

అనకాపల్లి,
9-8-2004.

రేషన్ కార్డుల ఆఫీసరు బాబుగారికి, బెల్లం మార్కెట్ తుడిచే ఆడమనిషి దండాలు.

గాలివానకి పాకలు పోయిన కాడ్నుంచి మేం తొమ్మిది కుటుంబాలం మూసేసిన గోడౌను అరుగు మీదే ఉంటన్నాం. కార్డులకి అర్జీలు పెట్టుకుంటే, ఇంటి నెంబరు లేదు కాబట్టి మాకు ఎడ్రస్సే లేదని రాసి తిప్పేసేరు. ఇక్కడ దీవెనమ్మ మామ్మ తన కూడు పిల్లలకి పెట్టేసి నీళ్ళు తాగి పడుకుంటంది.

మీరు రాసింది పోయిన సోమవారం అందింది. పోస్టుమేన్ అరుగు కాడ సైకిలాపి, పేరు పేరునా పిలిచి తొమ్మిది కవర్లూ చేతికిచ్చేడు. నా కవరు తిరగేసి సూసేను. మీ ఆఫీసు ముద్ర ఉంది. దాని కింద మీ గుమస్తా బాబు నా పేరు రాసి, ‘మూసేసిన బెల్లం గోడౌను అరుగు, అనకాపల్లి’ అని రాసేడు.

ఎడ్రస్ లేనోళ్ళకి ఉత్తరాలు ఎలాగొచ్చేయి బాబూ?

రుజువు కింద తొమ్మిది కవర్లకీ జెరాక్సులు తీయించి దీనికి గుచ్చేను. అసలువి ఇవ్వను. అవి మామ్మ తలకింద ఉన్నాయి.

ఈసారి కార్డులే పంపండి. పోస్టుమేన్‌కి దారి తెలుసు.

ఇట్లు,
అరుగు మీద మూడో కుటుంబం ఆడమనిషి