భుజం మీద చెయ్యి

మంగళవారం, ఉప్పుగూడ

మాకు పాలు పోసే యాదగిరి పోయాడు. దశదినకర్మకు ఫోటో కావాలని వాళ్ల అన్న నా స్టూడియోకు వచ్చాడు. ఉన్నది ఒక్కటే, బోనాలప్పుడు భార్య లక్ష్మితో దిగింది. ముఖం వరకే క్రాప్ చేస్తే మసకగా ఉంది. ఛాతీ దాకా ఉంచితే భుజం మీద లక్ష్మి చెయ్యి వస్తోంది.

"బతికున్న మనిషి చెయ్యి మీద దండ పడొద్దు భాయ్. తీసెయ్," అన్నాడు అన్న.

ఆయన వెళ్లగానే లక్ష్మి ఫోన్ చేసింది. "చెయ్యి ఉండనియ్యి అన్నా. గదొక్కటన్న ఆయనతోని ఉంటది."

చెయ్యి ఉన్న కాపీ, చెరిపేసిన కాపీ, రెండూ కంప్యూటర్లో పక్కపక్కనే పెట్టుకున్నాను. పొద్దున ప్రింటు ఇవ్వాలి. ఏం చేయాలో పాలుపోవడం లేదు.

చెరిపేసిన దాంట్లో కూడా యాదగిరి భుజం ఆమె వైపే ఒరిగి ఉంది.