సున్నం చెరిగిన చోట గోడ జరగాలి

ముందుగా నా రాతకు మన్నించాలి. నేను ఐదో తరగతి దాకానే చదివాను. నా అక్షరాలు తోలేవాడు లేని మేకల్లా ఎటుపడితే అటు పోతాయి. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి. కాగితం కింద పెట్టుకోవడానికి ఎక్స్‌రే కవరు తప్ప ఇంకేమీ దొరకలేదు, అందుకే గీతలు వంకర. చదవడం అయ్యాక దీన్ని కాల్చెయ్యండి. నాకు సిగ్గు.

నేను, తాపీమేస్త్రీ భార్యను, వయసు ఇరవై ఎనిమిది, ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద కూర్చుని, మత్తు సూది ఇంకా పడకముందే, బుద్ధి బాగుండగానే, ఎవరూ చెయ్యి పట్టి రాయించకుండా రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి బాగుందనడానికి రుజువు కూడా ఉంది. పొద్దున ఒక కాగితం తెచ్చి, ఆపరేషన్‌లో నేను పోతే ఎవరిదీ పూచీ కాదని సంతకం పెట్టమన్నారు. చదివే పెట్టాను. నా చావు గురించి సంతకం చెయ్యగలిగినదాన్ని నా స్థలం గురించి ఎందుకు చెయ్యకూడదని అప్పుడే అనిపించింది. డాక్టరమ్మ భయమేమీ లేదంటోంది. భయం లేకపోతే ఆ కాగితం ఎందుకో అడగాల్సింది, కానీ నేను పెద్దవాళ్ళను ప్రశ్నలడిగే మనిషిని కాను.

నా జబ్బు మూత్రపిండంలో రాయి. బఠాణీ గింజకన్నా పెద్దదట. నీళ్ళు తాగకపోవడం వల్ల వచ్చిందట. ఎందుకు తాగలేదని డాక్టరమ్మ కోప్పడింది. తొమ్మిదేళ్ళుగా మా ఆయన వెంట పనికి వెళ్ళి ఇటుకలందిస్తున్నాను, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా. మా చేతుల మీదుగా ఎన్ని పాయిఖానాలు లేచాయో లెక్కలేదు. తలుపు బిగించిన రోజు నుంచి అవి ఇంటివాళ్ళవి. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు, కాబట్టి తాగలేదు. పక్క మంచం పిన్నిగారు ఇది విని, "మేస్త్రీ పెళ్ళానివి కదే, రాయి బయటినుంచి తెప్పించకుండా లోపలే తయారుచేసుకున్నావు" అంది. నవ్వితే నొప్పి. అయినా నవ్వాను.

ఒకటి. స్థలం.

బస్టాండు మూలన ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఉన్న ఖాళీ స్థలం నాది. మా అమ్మమ్మ అక్కడ కూర్చుని గొడుగులు బాగుచేసేది. పోతూ పోతూ నా పేర రాసింది. నా తర్వాత ఆ స్థలం మా వీధి వాళ్ళందరికీ, బస్సు కోసం నిలబడేవాళ్ళకీ చెందాలి. అందులో పాయిఖానాలు, కూర్చునే గది, కుళాయిలు, అరుగు కట్టాలి. ఇంకేమీ కట్టకూడదు. షట్టరు అసలే కూడదు.

షట్టరు మాట ఎందుకంటే, మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కాంట్రాక్టరు. ఒకనాడు టేపు పట్టుకొచ్చి నా స్థలం కొలిచి, నాలుగు కొట్లకు సరిపోతుందని తేల్చేశారు. స్థలం నాది, టేపు ఆయనది, కాబట్టి నిర్ణయం ఆయనదట. నేను వీలునామా రాయకుండా పోతే స్థలం మా ఆయన చేతికి వస్తుంది. మా ఆయన దగ్గరికి వచ్చింది అన్నగారి దగ్గరికి వెళ్ళడానికి ఒక్క పూట చాలు. తండ్రి పోయాక పెంచిన అన్న కదా, ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. ఈ కాగితం ఆ ఒక్క పూటను ఆపడానికే.

ఆ రోజు భోజనాల దగ్గర బావగారు, "నాలుగు షట్టర్లు వేసుకుంటే మీ పిల్లలు, వాళ్ళ పిల్లలు కూర్చుని తింటారు. పాయిఖానాలు కట్టించి ఏం తింటార్రా?" అన్నారు. మా ఆయన కంచంలోకి చూస్తున్నారు. నేను వంటగది తలుపు వెనక ఉన్నాను. మా అత్తయ్య మజ్జిగ కలుపుకుంటూ, "తిన్నది పోవడానికి చోటక్కర్లేదట్రా నీకు?" అంది. ఆ పూట ఇంకెవరూ పెరుగు అడగలేదు.

రెండు. ప్లాను.

ప్లాను నా దగ్గర కాగితం మీద లేదు. ఉన్నది నేల మీద. పునాది తవ్వేముందు సున్నప్పొడితో ముగ్గు పోస్తాం కదా, గోడ ఎక్కడ, గుమ్మం ఎక్కడ అని. మా ఆయన పోస్తుంటే తొమ్మిదేళ్ళు చూశాను. ఒక ఆదివారం డబ్బాడు సున్నం తీసుకెళ్ళి నా స్థలంలో కట్టబోయేదంతా అసలు కొలతల్లోనే పోశాను. వీధిలో వాళ్ళను పిలిచి, లోపల నడవమన్నాను. నిజానికి నేను పిలవలేదు, మా అత్తయ్యే కేకలేసి పిలిచింది. నేను చెప్పిన నియమం ఒక్కటే: సున్నం ఎక్కడ చెరిగితే అక్కడ గోడ జరగాలి. మనిషి జరగక్కర్లేదు.

మొదట దర్జీ బాబాయి తన చక్రాల కుర్చీలో వచ్చాడు. "అమ్మాయ్, నీ గుమ్మంలోంచి నేను వెళ్ళగలను గానీ నా మోచేతులు బయటే ఆగిపోతాయి" అన్నాడు. చక్రాలు రెండు వైపులా సున్నం తుడిచేశాయి. గుమ్మం జరిపాను. లోపలికి వెళ్ళాక కుర్చీ తిప్పలేక, "వచ్చినవాణ్ణి వచ్చినట్టే వెనక్కి పొమ్మంటావా, నేనేమన్నా రైలింజన్నా?" అన్నాడు. గది పెంచాను.

కుర్చీలల్లే తాతయ్యకు చూపు లేదు. "మీ అందరికీ కళ్ళున్నాయని గీతలు గీసుకున్నారు. నాకేం గీశారే?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. బట్టలారేసే తాడు విప్పుకొచ్చి గీతల మీద పరిచాం. పాదంతో తాడు తడుముకుంటూ నడిచి, మా ఎవరికీ తెలియని తప్పు పట్టాడు. దారికి అడ్డంగా అరుగు అనుకుని వేసిన రెండు పెట్టెలకు కొట్టుకుని, "ఈ అరుగు నా మోకాలిని పలకరించింది" అన్నాడు. అరుగు జరిగింది.

ఆకుకూరలక్క గంప నెత్తినెత్తుకుని వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే, "గంప దించేవాళ్ళెవరు, నువ్వొస్తావా రోజూ?" అంది. అందుకని గుమ్మం పక్కన భుజాల ఎత్తున ఒక దిమ్మె వచ్చింది. దాని పక్కన నిలబడి ఎవరి సాయం లేకుండా గంప దానిమీదికి జరుపుకోవచ్చు, మళ్ళీ ఎత్తుకోవచ్చు. తర్వాత పాయిఖానా తలుపు రోడ్డు వైపు పెట్టానని చూసి, "లోపల కూర్చుని వచ్చే పోయే డ్రైవర్లకు చెయ్యూపమంటావా?" అంది. తలుపు జరిగింది.

ఇలా ఏడుసార్లు చెరిపి ఏడుసార్లు పోశాం. ఏడోసారి అందరూ నడిచారు, సున్నం ఎక్కడా చెరగలేదు. అదే ప్లాను. మురుగు కాలవ గీత గుమ్మం పక్కగా రోడ్డు వైపు వెళ్తుంది. ఆ గీతల మీద ఇప్పుడు ఇటుక ముక్కలు పేర్చి ఉన్నాయి. వానొచ్చినా ఉంటాయి.

మూడు. వీలునామా అమలు చెయ్యాల్సినవాడు దర్జీ బాబాయి. ఆయన కొలతలో ఇప్పటిదాకా ఒక్క జాకెట్టూ బిగుతు కాలేదు, నాది తప్ప. దానికి కారణం నేను ఊపిరి బిగబట్టి కొలత ఇవ్వడం. అంటే తప్పు నాదే. ఆ జాకెట్టు తిరిగిచ్చేస్తున్నాను, ఎవరికైనా సరిపడేలా విప్పి కుట్టమనండి.

నాలుగు. ఇటుకలు మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే నా చుట్టకుదురు ఆకుకూరలక్కకు. మా ఇంటి బట్టల తాడు తాతయ్యకు, ఇకమీద మేం బట్టలు ఎక్కడైనా ఆరేసుకుంటాం. మా అత్తయ్యకు గోడలోకి దిగేసిన ఇనప పిడి, పాయిఖానా లోపల కుడిచేతి వైపు. ఆవిడ ముగ్గులో నడిచినప్పుడు అడిగింది అదొక్కటే. "కూర్చోవడానికి దేవుడు సాయం చేస్తాడే, లేవడానికే ఎవడూ రాడు" అంది. అత్తలు కోడళ్ళను ఏం చేస్తారో చాలా విన్నాను. మా అత్తయ్య నన్ను చేసిందల్లా రోజూ మధ్యాహ్నం గ్లాసుడు నీళ్ళు తాగమని తిట్టడం. విననిది నేను.

ఐదు. నాలోంచి తీసే రాయి బావగారికి. తన చేతులతో కట్టే తరువాతి ఆఫీసుకు శంకుస్థాపన రాయిగా వాడుకోవచ్చు. ఆయన పనితనానికి వంక పెట్టలేం. ఆయన చేసిన పూత ఇరవై ఏళ్ళయినా పగలదు. కానీ ఆయన కట్టేవన్నీ నిటారుగా నిలబడి, ఖాళీ చేతులతో నడిచే మగవాడి కోసం. పురపాలక ఆఫీసు కూడా ఆయనే కట్టారు. నియమాల్లో ఉందని ర్యాంపు పెట్టారు. ర్యాంపు చివర మెట్టు ఉంది. ఇప్పటిదాకా దాని మీద పైకెక్కింది గుమాస్తాగారి మోటారు సైకిలు ఒక్కటే, అదీ ఇద్దరు తోస్తే. దర్జీ బాబాయి తన పింఛను కాగితం మీద సంతకం రోడ్డు మీదే పెట్టాడు, గుమాస్తా కిందికి దిగి వస్తే. ఆ రోజు నేను అక్కడే ఇటుకలు మోస్తున్నాను. ఎవరినీ ఏమీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఆరు. మా పాపకు ఆరేళ్ళు. దానికి తక్కువ ఎత్తున పెట్టిన కుళాయి. ఊళ్ళో ఏ కుళాయీ దానికి అందదు, ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఈ ఒక్కటీ దానంతట అదే తిప్పుకుంటుంది. పెద్దయ్యాక వంగాల్సి వస్తుంది. వంగనివ్వండి. ఎవరికోసం కిందికి పెట్టారో ఆ పూట తలుచుకుంటుంది.

ఏడు. మా ఆయనకు నా ట్రంకు పెట్టె, దుప్పటి, నా వంతు దిండు. ఆయన దారానికి గుండు వేలాడదీసి కట్టిన గోడ వెంట్రుకవాసి కూడా వాలదు. అన్నగారు ఎదురైతే మాత్రం ఆయనే వాలిపోతారు. అది నాకు తొమ్మిదేళ్ళ కోపం. అయితే ఏడుసార్లు నేను పోసిన ముగ్గు మీద ఎనిమిదోసారి పొద్దున్నే వెళ్ళి ఇటుక ముక్కలు పేర్చింది ఆయనే. ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు, చేతులు చూసి పట్టుకున్నాను. నేను పోతే మళ్ళీ పెళ్ళి చేసుకోండి. పాప తల నొప్పి పుట్టకుండా దువ్వడం వచ్చినామెను చూసుకోండి.

ఎనిమిది. నేను బతికి బయటికొస్తే ఎవరూ తేలిగ్గా ఊపిరి తీసుకోవద్దు. అప్పుడూ ఇదే కడతాం.

ఇక్కడిదాకా పిన్నిగారికి చదివి వినిపించాను. ఆవిడ భర్త దస్తావేజులు రాసేవాడు. ముప్పై ఏళ్ళు ఆయన గొణుగుడు విని ఆవిడకూ చట్టం వచ్చేసింది. "కాల్చెయ్యమని రాస్తే ఇంక వీలునామా ఎందుకే, మనసులో అనుకుని పడుకో" అంది. నిజమే. కాబట్టి మొదట్లో రాసిన ఆ మాట రద్దు. దీన్ని కాల్చవద్దు, దాచవద్దు, బస్టాండులో గట్టిగా చదవండి. సిగ్గు సంగతి నేను చూసుకుంటాను.

ఇంకో చిక్కు కూడా చెప్పింది. ఇద్దరు సాక్షులు కావాలి. వీలునామాలో ఏదైనా దక్కేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదు. పిన్నిగారు ఒకరు సరే. డ్యూటీలో ఇలాంటి సంతకాలు పెట్టకూడదని నర్సమ్మ వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కాళ్ళూ చేతులూ కదపలేని రోగులు. మా వాళ్ళందరికీ ఏదో ఒకటి ఇచ్చేశాను. ఏమీ దక్కని మనిషి కోసం వెతికితే ఒక్కరే మిగిలారు, బావగారు. ఆయనకు రాయి ఇచ్చావు కదా అంది పిన్నిగారు. అందుకని ఐదో నంబరులో మొదటి రెండు వాక్యాలు కొట్టివేస్తున్నాను. రాయి డాక్టరమ్మ ఉంచుకోవచ్చు.

తొమ్మిది. ఇది రాస్తుండగా జరుగుతున్నది.

బావగారు, మా ఆయన, అత్తయ్య ఇప్పుడే వచ్చారు. బావగారు బత్తాయిలు తెచ్చారు. ఇంతవరకు ఆయన ఎదుట నేను పూర్తి వాక్యం మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు. మొదటి రెండు కాగితాలు చేతికిచ్చాను. నిలబడే చదువుతున్నారు. మూడో కాగితం నా ఒళ్ళో ఉంది, ఇది.

చదువుతూ బావగారు అత్తయ్య మజ్జిగ మాట దగ్గరికి వచ్చినట్టున్నారు, మీసం కదిలింది. ర్యాంపు దగ్గరికి వచ్చారు, చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ ప్లాను దగ్గరికి వెనక్కి వెళ్ళారు. వేలితో గాలిలో ఏదో గీసుకుంటున్నారు. కాగితాలు మడిచారు. "ఇదంతా రాసింది ఈ పిల్లేనా?" అని అత్తయ్యను అడిగారు. "ఇంకెవరు, నువ్వా?" అంది అత్తయ్య. "సాక్షి సంతకం నేను పెట్టను" అన్నారు బావగారు. ఆసుపత్రి వాళ్ళు స్ట్రెచరు తెచ్చి గుమ్మం దగ్గర ఆపారు.

మా ఆయన నా చేతిలో పెన్ను తీసుకున్నారు, అందుకే ఈ పైన గీత పడింది. ఆ పెన్ను అన్నగారి ముందు పట్టి, "అన్నయ్యా, సంతకం పెట్టు" అన్నారు. పెన్ను తిరిగి నాకిచ్చి, ముందు నన్ను పెట్టమన్నారు. పెడుతున్నాను.

తేదీ: పద్నాలుగు, మంగళవారం, పగలు పన్నెండున్నర.

సంతకం: తాపీమేస్త్రీ భార్య, స్థలం సొంతదారు

సాక్షులు:

ఒకటి. పక్క మంచం పిన్ని. ఈ పిల్ల నా కళ్ళెదుటే సంతకం చేసింది. బుద్ధి మామూలుకన్నా ఎక్కువే ఉంది.

రెండు. మేస్త్రీ అన్నను, కాంట్రాక్టరును. చదివి, నా ఎదుట ఆమె సంతకం చేశాకే పెట్టాను. మురుగు కాలవ వాలు తప్పు, నీళ్ళు గుమ్మంలోకే వస్తాయి. కూలివాళ్ళను తీసుకుని సోమవారం వస్తాను. సున్నం మీరు తెచ్చుకోండి.