గుడి మూసినా ఆగని పిడికెడు బియ్యం

గురజాల,
1943 ఆగస్టు

చిరంజీవి ఏసుపాదానికి నాయనమ్మ దీవెనలు.

నీ ఉత్తరమూ, మిషను దొరగారికి ఇమ్మన్న రాజీనామా కాగితమూ అందాయి. నెలరోజులుగా గుడిలో ప్రార్థనకు ఒక్కరూ రావడం లేదనీ, దేవుడు నిన్ను సేవకు పిలవనే లేదేమోననీ రాశావు. కలరా తగ్గేదాకా గుంపు కూడొద్దని దండోరా వేయించింది నువ్వే, ఎవరూ రాలేదని ఏడ్చేదీ నువ్వే! సెమినరీలో ఏం నేర్పారు నాయనా నీకు?

అయినా ఆ కాగితం పట్టుకుని దొరగారి బంగళా గేటుదాకా రెండుసార్లు వెళ్లాను. నువ్వు రాసిన కారణానికి కాదు, ఆ కలరాలో నీ ప్రాణానికి భయపడి. టపా మనిషి కనబడితే చాలు, ఏ కబురు తెచ్చాడోనని లోపలికెళ్లి తలుపేసుకుంటున్నాను.

నిన్న మీ పాలెం గురవమ్మ సంతకొచ్చి నా ముందు మూట దించింది. వండినప్పుడల్లా ఆడవాళ్లు దేవుడికని తీసిపెట్టిన పిడికెడు బియ్యమట.

"అయ్యగారికిస్తే గుడి తెరిచినాక తెమ్మంటన్నాడవ్వా. ఇంటింటికీ కాచిన నీళ్లు మోస్తన్నాడు, తను తింటన్నాడో లేదో! నువ్వన్నా వండిపెట్టు" అంది.

మూట ఎత్తబోతే నా నడుం పట్టేసింది. ఎవరూ రాని గుడికి ఇంత బియ్యం ఎక్కడిదిరా?

కాగితం నా బైబిల్లో ఉంది. కావాలంటే నా చేతిలోంచి తీసుకుందువు, రేపు బియ్యంతో బండెక్కుతున్నాను.

నాకూ కాసిని నీళ్లు కాచిపెట్టు.

నీ నాయనమ్మ