అక్కకు వేసిన జరిమానా

సవాయి దీవి,
ఫిబ్రవరి 9, 1986

ప్రియమైన తమ్ముడు ఎలీసరాకు,

ప్రభువు కృప నీకు తోడుండాలని పొద్దూమాపూ అడుగుతున్న అక్క పెనీనా రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఓడ ఎక్కి వారమైందో లేదో, ఊళ్ళో నాకు మర్యాదలు మొదలయ్యాయి. కొట్టుకు వెళితే "పాస్టరుగారి అక్క వచ్చింది, ముందు ఆవిడకివ్వండి" అంటున్నారు. "ఇంకా ఎక్కడ పాస్టరు, చదువుకేగా వెళ్ళాడు" అని పైకి అంటున్నాను గానీ, సరుకు మాత్రం ముందే తీసుకుంటున్నాను.

మన ఇంట్లో పడవలు కట్టినవాళ్ళున్నారు, చేపలు పట్టినవాళ్ళున్నారు, జైలుకెళ్ళిన చిన్నాన్న కూడా ఉన్నాడు. పాస్టరు మాత్రం ఇంతవరకూ లేడు. అమ్మ పోయేనాటికి నీకు ఆరేళ్ళు. అప్పటినుంచీ పెంచింది నేను కాబట్టి ఈ గర్వం మొత్తం నాదే. ఎవరికీ వాటా లేదు.

ఒక్క సంగతి మర్చిపోకు. అక్టోబరులో పిల్లల ఆదివారం నాడు నువ్వు మన చర్చిలో నిలబడి, దేవుడు నిన్ను ఎలా పిలిచాడో సాక్ష్యం చెప్పాలి. అది విని సంఘ పెద్దలు సంతకం పెడితేనే రెండో ఏడు చదువు. లేకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికే.

నా క్వైర్‌కు ఈమధ్య ఏం మాయరోగం వచ్చిందో తెలియదు. నోళ్ళు ఇంతేసి తెరుస్తారు, గొంతు మాత్రం పైకి రాదు. పాస్టరుగారు కూడా ప్రసంగం గడ్డంలోకే చెప్పుకుంటున్నారు. అయినా పద్దెనిమిదేళ్ళుగా ఆ క్వైర్ నా చేతిలో ఉంది, ఎలా దారికి తేవాలో నాకు తెలుసు.

వేళకు తిను. నడుముకు చుట్టే లావాలావా ఉతికి, మడత పెట్టి కట్టుకో.

నీ అక్క,
పెనీనా

ఉపోలు దీవి,
మే 4

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని మూడు నెలలైంది. జవాబు రాయనందుకు తిట్టుకునే ఉంటావు. రాయడానికి భయపడ్డాను. ఇప్పుడు చెప్పేస్తున్నాను.

ఇక్కడ ప్రతివాడికీ ఒక పిలుపు ఉంది. నా గదిలో ఉండే ఫీలిపోకు తుఫానులో పడవ తిరగబడినప్పుడు దేవుడు పేరు పెట్టి మరీ పిలిచాడట. ఇంకొకడికి కలలో. మరొకడికి టారో దుంపలు తవ్వుతుంటే. నేను మాత్రం పొద్దున్నే లేచి, మోకరించి, చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. వంటశాలలో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆలోచిస్తే, నన్ను పేరు పెట్టి పిలిచిన గొంతు జీవితంలో ఒక్కటే: "ఒరే ఎలీసరా, లెగు! నీళ్ళెవడు మోస్తాడు, మీ తాతా?"

ఫీలిపోకు జాలేసి, "నాకు రెండు పిలుపులున్నాయిరా, చిన్నది నువ్వు వాడుకో" అన్నాడు. నవ్వాను గానీ, తీసుకుందామా అని ఒక రాత్రంతా అనుకున్నాను. ఏం చెయ్యమంటావు?

ఈ మాటే అడుగుదామని మొన్న కొట్టుకు ఫోన్ చేశాను. నేను ఇంకా అడుగుతుండగానే "ఆఁ, ఆఁ, దేవుడు దీవించుగాక" అని పెట్టేశావు. అంత తొందరేంటక్కా?

నీ తమ్ముడు,
ఎలీసరా

సవాయి,
మే 20

ఒరే తమ్ముడూ,

ప్రియమైన అని ఈసారి రాయను, కోపంగా ఉన్నాను.

ఫోన్‌లో గరగర తప్ప ఏమీ లేదు. ఇక మీదట ఉత్తరాలే రాయి, అవైతే తెగిపోవు.

దేవుడి ఇంట్లో నిలబడి అరువు తెచ్చుకున్న పిలుపు చెబుతావా? వీపు చిట్లగొడతాను. వినబడకపోతే వినబడలేదని చెప్పు. అది చెబితే సంతకం పెట్టరేమోనని నీ భయం. నాకూ ఉంది. ఆరేళ్ళ పిల్లవాడివప్పుడే నీ చెవి మెలిపెట్టి రెండో స్వరం నేర్పాను. అలాంటి చెవికి ఏమీ వినబడకపోవడమేమిటి? సరిగా విను. అక్టోబరు దాకా గడువుంది.

పెనీనా

ఉపోలు,
జూలై 1

ప్రియమైన అక్కకు,

ఓడమీద వచ్చిన మన ఊరి బస్సు డ్రైవరు చెబితే మొదట నమ్మలేదు. సాయంకాల ప్రార్థనకు శంఖం మోగాక, ఊరంతా ఇళ్ళల్లో కూర్చున్నాక, ఎవరూ బయట నడవకుండా కర్రలు పట్టుకుని కుర్రాళ్ళు దారికి అటూ ఇటూ కాపలా నిలబడ్డాక, నువ్వు నెత్తిన టారో ఆకుల బుట్టతో నడి దారిలో నడిచావట! మూడుసార్లు కేకేసినా తిరిగి చూడలేదట. ఊరి పెద్ద లెసాగారు నీకు ఒక పెట్టె చేప డబ్బాలు జరిమానా వేశారట. "వేళ చూసుకోలేదు" అని ఒక్క మాటే చెప్పి కట్టేశావట.

మొదట పడీపడీ నవ్వాను. ప్రార్థన వేళ తుమ్మినందుకు నన్ను గుంజీలు తీయించిన అక్కవి నువ్వు! తర్వాత నవ్వు ఆగిపోయింది. ఫోన్ గుర్తొచ్చింది. గొంతు పైకి రాని క్వైర్ గుర్తొచ్చింది. గడ్డంలోకి మాట్లాడే పాస్టరుగారూ గుర్తొచ్చారు.

అక్కా, నిజం చెప్పు. నీకు శంఖం వినబడలేదు కదూ?

అదే నిజమైతే నేను వచ్చేస్తాను. తోడు ఉంటాను. ఈ చదువు నాకెలాగూ అబ్బేలా లేదు.

నీ ఎలీసరా

సవాయి,
జూలై 13

నా ప్రియమైన తమ్ముడికి,

వినబడలేదు.

రెండేళ్ళయింది. నువ్వప్పుడు పట్నంలో పనికి ఉన్నావు, సెలవులకు వచ్చిన నాలుగు రోజులూ నీ పెదాలు చూసి నెట్టుకొచ్చాను. జ్వరం వచ్చి తగ్గాక ఎడమ చెవి పోయింది. తర్వాత రెండోదీ దాని వెనకే వెళ్ళింది. ఇప్పుడు ఉరుము వినబడుతుంది, అంతే. ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. "పాపం పెనీనా" అనే మాట వినడం నావల్ల కాదు. వినలేను గనక, ఆ మాట అంటున్న పెదాలను చూడడం నావల్ల కాదు.

క్వైర్ ఎలా నడుపుతున్నానని అడుగుతావు. మన క్వైర్ నిలబడేది చెక్క వేదిక. చెప్పులు విడిచి నిలబడితే వాళ్ళ కాళ్ళ తాళం నా అరికాళ్ళలోకి వస్తుంది. తప్పు పాడినవాడు పక్కవాడి వైపు చూస్తాడు, వాణ్ణి పట్టేస్తాను. గొంతు నరం చూసి స్వరం ఎంత పైన ఉందో చెప్పగలను. రెండేళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అది నా ఘనత. చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు కాబట్టి నీకే చెబుతున్నాను.

శంఖం సంగతీ అంతే. కాపలా కుర్రాళ్ళు దారిమీదికి రాగానే ఇంట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు నీ గురించే ఆలోచిస్తూ తల వంచుకుని నడిచాను.

ఇక నువ్వు రావడం గురించి. నా చెవులను సాకుగా పెట్టుకుని పారిపోయి రాకు. అక్క మీద ప్రేమతో వస్తున్నావా, పిల్లల ఆదివారానికి భయపడి వస్తున్నావా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. అక్టోబరుకు ముందు వస్తే తలుపు తియ్యను. మన ఇంటికి స్తంభాలే గానీ గోడలే లేవు, తలుపెక్కడిది అంటావేమో. తడికలన్నీ దించేసి కూర్చుంటాను.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికైనా చెప్పావో, నాకు తమ్ముడే లేడు.

నీ అక్క పెనీనా

సవాయి,
అక్టోబరు 15

ప్రియమైన ఎలీసరాకు,

నువ్వు సోమవారం తెల్లారుజాము ఓడకే వెళ్ళిపోయావు. నాకు ఇంకా అయోమయంగానే ఉంది.

ఆదివారం తెల్లబట్టల్లో నిన్ను చూసి అమ్మ ఉంటే ఎంత బాగుండేదనుకున్నాను. కానీ ఏం చెప్పావు? తల వంచుకుని చెప్పావు, పెదాలు కనబడలేదు. కాసేపటికి చర్చి చర్చంతా నా వైపు తిరిగింది. నా క్వైర్‌లో పాడే పక్కింటి లెయితు రుమాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పెద్దలు అక్కడికక్కడే సంతకాలు పెట్టారు, అది చూశాను, స్తోత్రం. చివర్లో లెసాగారు నా ముందు నుంచి నడుం వంచి నడిచి వెళ్ళారు. ఊరి పెద్ద, నా ముందు, నడుం వంచడమా?

ఎవరిని అడిగినా "మీ తమ్ముణ్ణే అడుగు" అంటున్నారు. నా సంగతి బయటపెట్టావా? ఉన్నదున్నట్టు రాయి.

పెనీనా

ఉపోలు,
అక్టోబరు 24

ప్రియమైన, చాలా ప్రియమైన అక్కకు,

నేను బయటపెట్టలేదు. పెట్టడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

శనివారం సాయంత్రం పొయ్యి రాళ్ళు సర్దుతుంటే లెసాగారు వచ్చి పక్కన కూర్చున్నారు. "ఏరా, మీ అక్కకి వినబడదని నీకెప్పుడు తెల్సింది?" అన్నారు. నేను చేతిలో రాయి కింద పెట్టి, "జూలైలోనండీ. మీకు?" అన్నాను.

"పోయినేడు ఈస్టర్‌కే. ఊరందరికీ తెల్సు."

"తెలిసి తెలిసి జరిమానా ఎలా వేశారండీ?"

ఆయనకు కోపం వచ్చింది. "వెయ్యక? ఊరందరూ కట్టే జరిమానా ఆవిడొక్కత్తికీ వదిలేస్తే, ఎందుకొదిలేశామో ఆవిడకి తెలీదూ? అంతకంటే అవమానం ఉందా? పెనీనా తలొంచుకు తిరుగుతుంటే మేం చూడగలమా? అందుకే వేశాం. ఒక్క డబ్బా కూడా తగ్గించలేదు."

అక్కా, నీ క్వైర్‌లో ఎవరికీ కాళ్ళతో తాళం వేసే అలవాటు ఇదివరకు లేదు. గుర్తు చేసుకో, కాలు కదిపితే నువ్వే తిట్టేదానివి. ఆ ఈస్టర్ తర్వాత లెయితు అందరినీ కూర్చోబెట్టి, "ఇయాల్టి నుంచి అందరూ కాలు నేలకేసి కొట్టండి. నోళ్ళు బాగా తెరవండి, ఈగలు దూరినా సరే" అని చెప్పిందట. ఏడాదిన్నరగా నీకు తెలియకుండా నీకోసం అలాగే పాడుతున్నారు. సాయంత్రం శంఖం మోగగానే లెయితు తన ఇంటి తడికలు నీకు కనబడేలా ధడాలున దించుతుంది చూడు. దోమలకని చెబుతుంది. జరిమానా మర్నాటి నుంచి మొదలుపెట్టింది.

ఆదివారం నేను చెప్పింది ఇంతే. రాసి ఉంచుకున్నాను, నీ కోసం.

"దేవుడు నన్ను పేరు పెట్టి పిలవలేదు. తుఫానులోనూ కాదు, కలలోనూ కాదు. ఏడాదంతా చెవి పెట్టి విన్నాను, వినబడలేదు. పారిపోదామనుకున్నాను కూడా. నిన్న సాయంత్రం వినబడింది. ఒక మనిషి తల ఎత్తుకుని నడవాలని ఒక ఊరు ఊరంతా నోరు మూసుకుంది. ఆ మౌనంలో ఆయన మాట్లాడుతున్నాడు. ఇలా మనుషుల్ని కాచుకోవడం నేర్చుకోవాలని ఉంది. నన్ను ఏ ఊరికి పంపినా అక్కడ ఇదే చెయ్యాలని ఉంది. నాకు వచ్చిన పిలుపు ఇదే. చాలదంటే ఇంటికి వచ్చేస్తాను."

నీ పేరు ఎత్తలేదు. అందరూ వాళ్ళంతట వాళ్ళే నీ వైపు తిరిగారు. తల ఎందుకు వంచానంటే, నీ ముఖం చూస్తే ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయేవాణ్ణి.

కోపం తగ్గాక రాయి.

నీ తమ్ముడు,
ఎలీసరా

సవాయి,
నవంబరు 5

ప్రియమైన నా తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఎవరి ముఖమూ చూడలేదు. సిగ్గేసింది. ఇంతమంది నన్ను మోస్తుంటే, నేనొక్కదాన్నే అందరినీ మోస్తున్నానని ఏడాదిన్నరపాటు విర్రవీగాను. నాలుగో రోజు కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు బాధ వల్ల కాదు. ఇలాంటి ఊరు నాదైనందుకు, ఆ మాట చెప్పగలిగినవాడు నా చేతుల్లో పెరిగినందుకు.

ఐదో రోజు క్వైర్‌కు వెళ్ళాను. ఎవరూ నా కళ్ళలోకి చూడరు. చెప్పులు విడిచి వేదిక ఎక్కి, "అందరికీ తెలిసిపోయిందిగా, ఇక నటనలు కట్టిపెట్టండి. ఒక్క కాలు చాలదు, ఈరోజు నుంచి రెండు కాళ్ళూ వెయ్యండి" అన్నాను.

ఇంకో సంగతి. లెయితు కాలు ఏడాదిన్నరగా ప్రతి చరణంలోనూ అరక్షణం ఆలస్యంగా పడుతోంది. అడిగితే నాకెలా తెలిసిందో చెప్పుకోవాల్సి వస్తుందని ఇన్నాళ్ళూ పంటి బిగువున ఊరుకున్నాను. నిన్న అందరి ముందూ కడిగి పారేశాను. అది నన్ను కావలించుకుని ఒకటే నవ్వు. ఆ నవ్వు నా పక్కటెముకల్లోకి వినబడింది.

పాస్టరు కాబోయేవాడి అక్క,
పెనీనా