మళ్లీ మొదటి పిడికెడు

అమ్మా,

ఈ ఉత్తరం నీకు చేరదు. చేరినా నేనే చదివి వినిపించాలి.

ఈ రోజు మన మైదుకూరు ఇంట్లో నా కోసం కృతజ్ఞత కూటం జరిగింది. నా మెడ మీది గడ్డను మిషను ఆసుపత్రి డాక్టరమ్మ కోసి తీసేసింది. కత్తి పట్టే ముందు నా చేయి పట్టుకుని ప్రార్థన చేసింది. ఆ తల్లి మేలు మరువలేను. కూటానికి కొన్నాళ్లు ఆగమని ఆమె చెప్తే నాయన వినలేదు.

"దేవునికి చెప్పుకునేదానికి ఆలస్యం యాలమ్మా?" అన్నాడు.

వంట చేసినప్పుడల్లా దేవునికని నువ్వు పిడికెడు కొర్రలు వేసేదానివే, ఆ కుండను నీ తర్వాత నేను నింపుతూ వచ్చాను. నాయన ఈ రోజు దాన్ని బోర్లించి, అందరికీ అన్నం పెట్టించాడు.

"నా బిడ్డ బతికినాది. శానా సంతోషంగా ఉండాది" అని ఏడ్చాడు. అందరూ పాట ఎత్తుకున్నారు.

నేను కొంగు సర్దుకుంటుంటే చెవి కింద వేలికి చిన్న గడ్డ తగిలింది. నీకు రెండోది లేచిన చోటే, అమ్మా. నీకప్పుడు ఈ డాక్టరమ్మ లేదు. నాకుంది. ఆ ధైర్యంతోనే ఈ పూటకు నాయనను పాడుకోనిచ్చాను.

అందరూ వెళ్లాక, ఆ పూటకు వంట లేకపోయినా, దేవుని కుండలో పిడికెడు కొర్రలు వేశాను. ఖాళీ కుండ కదా, గట్టిగా చప్పుడైంది. నాయన పాట ఆపి నా వైపు చూశాడు.